హైవే వదలండి.. చెరువు కట్ట ఎక్కండి

ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది ఈ రోజు తెల్లారకముందే పరుగెత్తి వచ్చి ఉంటారు. కొందరు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్ష కోసం, కొందరు అగ్నివీర్ ర్యాలీ కోసం, ఇంకొందరు ఎస్సై కల కోసం. ఇంటి దగ్గర లేచి, షూ వేసుకుని, దగ్గర్లో ఉన్న మంచి రోడ్డెక్కడం.. ఇదే కదా రోజూ జరిగేది? ఆ 'మంచి రోడ్డు' గురించే ఇవాళ మాట్లాడుకుందాం. ఎందుకంటే చాలా ఊళ్లలో ఆ మంచి రోడ్డు హైవేనే. లారీలు, ఇసుక ట్రాక్టర్లు, రాత్రంతా నడిచి నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లు తిరిగే రోడ్డు అది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ చెప్పిన లెక్క ఇది. అందులో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు కాలినడకన ఉన్నవాళ్లే. చీకట్లో, నల్ల టీషర్టుతో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో హైవే అంచున పరుగెత్తేవాళ్లు కూడా ఆ లెక్కకు దగ్గర్లోనే ఉంటారు. ఉద్యోగం కోసం పరుగెత్తేవాళ్లు ప్రాణాన్ని పందెం పెట్టాల్సిన అవసరం లేదు. నా వాదన చిన్నది: మన ఊళ్ల చుట్టూ చెరువు కట్టలు, బండ్లబాటలు, పాత కోటలు, గుళ్లు, బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. వాటిని కలుపుతూ పరుగు దారులు మనమే గీసుకోవచ్చు. గీసుకోవాలి కూడా.

టైమింగుకి గ్రౌండు, దమ్ముకి దారి

'పాత గుళ్లు చూసుకుంటూ పరుగెత్తితే టైమింగ్ వస్తుందా?' అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క చూద్దాం. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే కిలోమీటరుకు సుమారు 4 నిమిషాల 32 సెకన్లు. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులకు 1,600 మీటర్లకు 8 నిమిషాలు, అంటే కిలోమీటరుకు సరిగ్గా 5 నిమిషాలు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కి.మీ.ని 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే పరుగుకు పూర్తి మార్కులు. అది కిలోమీటరుకు 3 నిమిషాల 26 సెకన్ల వేగం. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ అంకెలు మారొచ్చు, అందులో చూసుకోండి.

ఈ వేగాలకు గ్రౌండు కావాల్సిందే. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, స్టాప్‌వాచ్, పక్కన కేక పెట్టే స్నేహితుడు.. దీనికి ప్రత్యామ్నాయం లేదు. కానీ వారంలో ఆరు రోజులూ అలాగే ఊపిరి బిగబట్టి పరుగెత్తితే మోకాలి కింద ఎముక నొప్పి మొదలవుతుంది. పరీక్ష దగ్గరపడేసరికి కాలికి కట్టు పడుతుంది. పరుగు నేర్పే కోచ్‌లు ఎవరైనా చెప్పేది ఒకటే: వారంలో రెండు రోజులు వేగం, మిగతా రోజులు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా ఎక్కువ దూరం. గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు బలపడేది ఆ నిదానపు కిలోమీటర్లలోనే. వాటికి ట్రాక్ అక్కర్లేదు. మట్టి కట్ట, వాహనాలు తక్కువుండే దారి చాలు. చివర్లో చూడ్డానికి ఏదో ఒకటి ఉంటే ఇంకా మంచిది. 'ఇంకో రెండు కిలోమీటర్లు' అనే మాట అప్పుడు శిక్షలా అనిపించదు.

మారథాన్ కూడా అలా పుట్టిందే

చారిత్రక గుర్తుల మధ్య పల్లె దారిలో పరుగు అనేది కొత్త ఆలోచనేమీ కాదు. అసలు మారథాన్ అంటేనే ఒక ఊరి పేరు. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు మారథాన్ ఊరి నుంచి ఏథెన్స్ స్టేడియం దాకా సుమారు 40 కి.మీ. పరుగు పెట్టారు. గెలిచింది స్పిరిడాన్ లూయిస్. మరూసి అనే ఊళ్లో నీళ్లు మోసి బతికే మనిషి. ఇప్పుడు మనం చెప్పుకునే 42.195 కి.మీ. దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది, 1921లో ప్రామాణికమైంది.

నేటికీ ఏథెన్స్ మారథాన్ ఆ పాత దారి వెంటే సాగుతుంది. మొదటి కొన్ని కిలోమీటర్లలోనే పరుగు ఒక మట్టిదిబ్బ చుట్టూ తిరిగి వస్తుంది. క్రీ.పూ. 490 యుద్ధంలో చనిపోయిన 192 మంది ఏథెన్స్ సైనికుల సమాధి అది. స్టేడియానికి నేరుగా వెళ్లే రోడ్డున్నా, ఆ దిబ్బ కోసం దారిని పక్కకు తిప్పారు. మన దేశంలోనూ హంపి శిథిలాల మధ్య వారసత్వ పరుగులు జరిగాయి. అయితే మనకు కావాల్సింది ఏడాదికోసారి బ్యానర్లు కట్టి, మెడల్ ఇచ్చి పంపే పండగ కాదు. రోజూ వాడుకునే దారి.

మన దగ్గర నాలుగు దారులు

ములుగు జిల్లా పాలంపేట తీసుకోండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి అక్కడే ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గుడి కింద ఇసుక నింపిన పునాది, పైన నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో గోపురం. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన కట్టడం. దగ్గర్లోనే కాకతీయుల నాటి రామప్ప చెరువు. బస్సు దిగి గుడి చూసి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయేవాళ్లు చెరువు కట్ట దాకా రారు. చుట్టుపక్కల శిథిలమైన చిన్న గుళ్లున్న సంగతి చాలామందికి తెలీదు. పరుగెత్తేవాడికి మాత్రం గుడి, చెరువు, పొలాలు వేరువేరు కాదు. చెరువు తవ్వించి, దాని కింద ఊరు నిలబెట్టి, గుడి కట్టిన కాకతీయుల పద్ధతి కాళ్లతో తిరిగితేనే బోధపడుతుంది.

నల్లగొండవాళ్లకైతే పట్టణాన్ని ఆనుకునే పానగల్లు ఉంది. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు.. మూడూ ఒక్క పరుగులో వచ్చేస్తాయి. ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా ఒక నీడ నిలుస్తుంది. ముందున్న స్తంభాల మీద అటూ ఇటూ పడి చెదిరే వెలుగుతో వచ్చే నీడ అది. ఫిజిక్స్ పాఠం గుర్తు చేసుకుంటూ ఊపిరి తీసుకోవచ్చు.

అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ, దాని పక్కనే లింగాలకొండ. కొండనే తొలిచి చేసిన గుహలు, ఇటుక స్తూపం, వరసగా చెక్కిన రాతి స్తూపాలు. పొలాల మధ్య మెల్లగా పరుగెత్తి, చివర్లో మెట్లెక్కితే తొడలకు అంతకు మించిన వ్యాయామం ఉండదు.

సీమలో గండికోట ఉంది. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కి.మీ. కోట లోపలే ఊరుంది, మాధవరాయ ఆలయం ఉంది, జామియా మసీదు ఉంది, పెద్ద ధాన్యాగారం ఉంది, అంచున పెన్నా లోయ ఉంది. అయితే లోయ అంచు పరుగుకు కాదు. అక్కడ నడవాలి, అదీ బాగా వెలుగొచ్చాకే.

ఇవి నలుగురికీ తెలిసిన పేర్లు. మీ ఊరి పేరు ఇందులో లేకపోవచ్చు. కానీ మీ ఊళ్లో వీరగల్లు ఉండొచ్చు, పాత బురుజు ఉండొచ్చు, మెట్ల బావి ఉండొచ్చు. గోదావరి జిల్లాలవాళ్లకు 1847-52 మధ్య ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్ట, అక్కడి నుంచి చీలిన కాలువల గట్లే చరిత్ర. గుంటూరు వైపు డొంక, గోదావరి వైపు పుంత, తెలంగాణలో బండ్లబాట.. పేరేదైనా వాహనాలు పట్టించుకోని దారి ఒకటి ప్రతి ఊరికీ ఉంటుంది.

రూటు గీయడం ఇలా

ఇక్కడ నాలోని ఇంజినీరుకి కాస్త అవకాశం ఇవ్వండి. రూటంటే ఏదో ఒక గీత కాదు. దూరం, నేల స్వభావం, ఎత్తు, నీళ్లు దొరికే చోటు, తప్పుకునే దారి.. ఇవన్నీ కలిసిన సమాచారం.

ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరు తెరవండి. 2004లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా సరిదిద్దొచ్చు. చాలా పల్లెల్లో పెద్ద రోడ్లు తప్ప బాటలు ఉండవు. ఆ ఖాళీ నింపాల్సింది మీరే. ఇస్రో వారి భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసి చెరువు కట్ట ఎక్కడ తెగింది, బాట ఎక్కడ పొలంలో కలిసిపోయింది అన్నది అంచనా వేసుకోవచ్చు. తర్వాత పగటిపూట, సైకిల్ మీద ఒకసారి తిరగండి. ఫోన్‌లో దారి రికార్డు చేసి జీపీఎక్స్ ఫైలుగా దాచండి. ఆ ఫైలు ఏ వాచీలోనైనా, ఏ యాప్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఫోన్ జీపీఎస్‌కి కొన్ని మీటర్ల తేడా మామూలే. పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లకు ఆ తేడా కూడా పనికిరాదు. అందుకే కొలతకు సైకిల్ చక్రం వాడండి. నవ్వకండి, ప్రపంచంలో పెద్ద మారథాన్ల దూరాన్ని కొలిచేది కూడా సైకిల్‌తోనే. చక్రానికి బిగించిన చిన్న పరికరం చుట్లు లెక్కపెడుతుంది. మన దగ్గర ఆ పరికరం లేకపోయినా టేపు, సున్నపు గుర్తు చాలు. చక్రం చుట్టుకొలత 2 మీటర్లయితే 1,600 మీటర్లకు 800 చుట్లు. ఇద్దరు కలిసి ఒక ఉదయం కూర్చుంటే అయిపోయే పని. చెరువు కట్ట మీద తిన్నగా, చదునుగా ఉన్న చోట ఆ 1,600 మీటర్లు గుర్తు పెట్టుకుంటే గ్రౌండు లేని ఊరికి అదే గ్రౌండు.

ఒక జాగ్రత్త. 2018 జనవరిలో స్ట్రావా యాప్ విడుదల చేసిన పరుగుల పటంలో సైనిక స్థావరాల ఆకారాలు బయటపడి ప్రపంచమంతా గొడవైంది. సైనికులు రోజూ పరుగెత్తిన గీతలే వాళ్ల జాడ చెప్పేశాయి. మీ పరుగు గీత కూడా మీ ఇల్లు, మీరు బయల్దేరే టైము చెప్పేస్తుంది. ఇంటి చుట్టూ కొంత దూరం దాచే సెట్టింగ్ యాప్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకు మాత్రమే పంపండి.

పల్లె దారికీ ప్రమాదాలున్నాయి

హైవే వదిలితే అంతా క్షేమమే అని చెప్పను. అడవి పందుల కోసం కొన్నిచోట్ల పొలాలకు దొంగచాటుగా కరెంటు తీగలు కడతారు. చీకట్లో పొలం గట్ల మీద పరుగు వద్దే వద్దు. కట్ట మీద, బాట మీద కూడా టార్చ్ ఉండాల్సిందే. వానాకాలం మత్తడి దూకుతుంటే, మీరు అలుగు అనండి, దాన్ని దాటే సాహసం చేయకండి. మోకాలి లోతు నీళ్లే మనిషిని లాక్కుపోతాయి. తారు రోడ్డు మీద పరుగెత్తాల్సి వస్తే కుడివైపు అంచున, ఎదురొచ్చే వాహనం కనిపించేలా ఉండాలి. లేత రంగు చొక్కా, వీలైతే రిఫ్లెక్టర్ పట్టీ వేసుకోండి. చెవులు ఖాళీగా ఉండాలి.

కుక్క వెంటపడితే పరుగు ఆపి నిలబడండి, పరుగెత్తే కొద్దీ అది వస్తుంది. కరిస్తే సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపు, కారం పూసి కూర్చోవడం ప్రమాదం.

వరి కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. తొక్కకుండా దిగి వెళ్లండి. ఆరు నెలల కష్టం అది. 'ఎవరి పిల్లలయ్యా మీరు?' అని పెద్దాయన ఎవరైనా అడిగితే ఆగి సమాధానం చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆ దారి మీకు అయినవాళ్ల దారి అవుతుంది. రేపు మీరు జారిపడితే లేపేది కూడా ఆయనే.

సగం ఊరు ఎక్కడ?

ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న ఇది. తెల్లారి పరుగెత్తే గుంపుల్లో అమ్మాయిలు ఎంతమంది? తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు చేసే అమ్మాయి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అది కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్ల వేగం, కొన్ని నెలల సాధనతో చాలామందికి అందేదే. కాళ్లలో శక్తి లేక కాదు, సాధన చేసే చోటు లేక వెనకబడుతున్నారు. చీకట్లో హైవే మీదికి ఏ అమ్మ పంపుతుంది? ఒంటరి కట్ట మీదికి మాత్రం ఏ నాన్న పంపుతాడు?

అందుకే దారి గీసేటప్పుడే అడగండి: ఇక్కడ మా చెల్లి ఒక్కతే పరుగెత్తగలదా? సమాధానం 'లేదు' అయితే ఆ రూటు ఇంకా పూర్తి కాలేదని అర్థం. పాల కేంద్రం, టీకొట్టు, గుడి, బడి లాంటి మనుషులు మసిలే చోట్లు కలిసేలా తిప్పండి. ఆరు గంటల తర్వాత మొదలయ్యే బ్యాచ్ ఒకటి పెట్టండి. ఐదుగురు అమ్మాయిలు కలిసి మొదలుపెడితే ఆరో అమ్మాయి తనంతట తనే వస్తుంది. అబ్బాయిలకు ఒక మాట: వాళ్లకు కాపలా కాయడం మీ పని కాదు. వాళ్లు పరుగెడుతుంటే మీ పరుగు మీరు చూసుకోండి, అదే పెద్ద సాయం.

రాయి మీద పేరు వద్దు

మనం వెళ్లడం వల్ల కట్టడం పాడైతే అసలు వెళ్లకపోవడమే మేలు. రక్షిత కట్టడాన్ని దెబ్బతీస్తే, దాని మీద పేర్లు చెక్కితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడొచ్చు. చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా నియంత్రణ ఉంటుంది. కాబట్టి అక్కడ మైలురాయి పాతాలన్నా అధికారుల్ని అడగాల్సిందే. బాణం గుర్తులు రాళ్ల మీద పెయింటుతో వేయకండి, రూటు ఫోన్‌లో ఉంటే చాలు. గుడి, మసీదు గేటు దగ్గర పరుగు ఆగుతుంది. లోపల నడక, షూ బయట. స్ట్రెచింగ్ స్తంభాలకు ఆనుకుని చేసేది కాదు.

చేయగలిగిన మంచి పని ఒకటుంది. నెలకోసారి ఒకే కోణం నుంచి ఒక ఫొటో తీయండి. కూలుతున్న గోడ, మొలుస్తున్న రావిచెట్టు, పోయిన విగ్రహం.. తేదీతో సహా రికార్డు అవుతుంది. రోజూ ఆ దారిన వెళ్లేవాడి కంటే మంచి కాపలాదారు ఏ శాఖకూ దొరకడు. ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో పెట్టండి, తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరిచి రెండు పేరాలు రాయండి. వచ్చేవాళ్లకు అదే ఆధారం.

దీంతో ఉద్యోగం వస్తుందా?

కెరియర్ పేజీలో ఈ ప్రశ్న తప్పదు. సూటిగా చెబుతాను: పరుగు దారి గీసినందుకు ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. గ్రామీణ పర్యాటకంతో జీవితాలు మారిపోతాయని ఆశ చూపడం నాకిష్టం లేదు. కానీ ఒక పటాన్ని సరిదిద్దడం, దూరం కొలవడం, పదిమందిని కూడగట్టడం, సర్పంచ్‌కి అర్జీ రాయడం, అధికారితో మాట్లాడటం.. ఇవన్నీ చేసినవాళ్ల దగ్గర ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి నిజమైన పని ఒకటి ఉంటుంది. 'నాకు టీమ్‌వర్క్ వచ్చు' అని రెజ్యూమేలో రాసుకోవడం కంటే 'మా ఊళ్లో 8 కి.మీ. రూటు కొలిచి, పటంలో పెట్టాం, 20 మంది వాడుతున్నారు' అనడం బలంగా ఉంటుంది.

ఇంకో విషయం మర్చిపోవద్దు. ఈ పరీక్షల్లో పోటీపడే లక్షల్లో ఉద్యోగం వచ్చేది కొందరికే. రానివాళ్లలో ఎక్కువమంది ఫలితాల మర్నాడే షూ అటకెక్కిస్తారు. ఉద్యోగం రాలేదన్న బాధతో పాటు ఒంట్లో పట్టు, పొద్దున్నే కలిసే స్నేహితులు, లేవడానికి ఒక కారణం.. అన్నీ ఒక్కసారే పోతాయి. దారి ఉంటే ఇవి మిగులుతాయి. ఫలితం ఎలా వచ్చినా మర్నాడు పొద్దున చెరువు కట్ట అక్కడే ఉంటుంది, మీవాళ్లూ అక్కడే ఉంటారు.

పంచాయతీని అడగండి

ప్రభుత్వాన్ని అడగాల్సినవి పెద్దవేం కాదు. కట్ట మీద ముళ్లకంపలు కొట్టించడం, మొదట్లో చివర్లో రెండు దీపాలు, పట్టణాల్లోలా ఊరకుక్కలకు టీకాలు, కొలిచిన 1,600 మీటర్లకు రెండు రాళ్లు. వీటికి స్టేడియం కట్టినంత డబ్బు అక్కర్లేదు. స్టేడియం పేరుతో పిచ్చిమొక్కలు మొలిచిన స్థలాలు మండలానికొకటి మనం చూస్తూనే ఉన్నాం. గ్రామసభకు పదిమంది కలిసి వెళ్లి, పటం ప్రింటు చేతికిచ్చి, తీర్మానం అడగండి. నోటిమాటగా అడిగితే 'చూద్దాం' అంటారు. దూరాలు వేసిన కాగితం చూపిస్తే 'ఎక్కడ?' అంటారు. ఆ రెండో మాట దగ్గర్నుంచే పని మొదలవుతుంది.

ఈ ఆదివారం చేయాల్సింది ఇంతే. ఇద్దరు స్నేహితులు, ఒక సైకిల్, ఒక ఫోన్, ఒక నీళ్ల సీసా. మీ ఊరి బస్టాపు నుంచి మీకు తెలిసిన అత్యంత పాత రాయి దాకా, హైవే తగలకుండా వెళ్లే దారి ఒకటి వెతకండి. దొరికితే కొలవండి. దొరక్కపోతే ఎక్కడ తెగిందో గుర్తు పెట్టండి. గ్రామసభలో అడగాల్సింది ఆ చోటు గురించే.